కాళ్లున్న అక్షరాలు

నిన్న సాయంత్రం బోధన్ నుంచి మా అక్క మనవరాలి పెళ్లికార్డు నా ఫోన్‌కి వచ్చింది. పైన ఇంగ్లీషులో ఉన్న వధూవరుల పేర్ల అక్షరాల రూపం చూడగానే, పేర్లు చదవకముందే, ఎవరు పోయారా అని వెతుక్కున్నాను. నా ఈడు వాళ్లు నవ్వకండి, ఆ అక్షరాలతో నాకు పాత పరిచయం ఉంది.

నా పెళ్లికి ముందు నిజామాబాద్‌లో ఒక చిన్న ప్రెస్సులో సీసపు అక్షరాలు కూర్చే పని చేసేదాన్ని. ఇంగ్లీషు అక్షరాల్లో ఒక రకానికి నిలువు గీత లావుగా, అడ్డగీత సన్నగా ఉండి, ప్రతి గీత చివరా పాదం మోపినట్టు చిన్న పట్టీ ఉండేది. ఎంత హుందాగా ఉండేవో! వాటిని మేం కాళ్ల అక్షరాలనేవాళ్లం. మా యజమానిని అందరం చాచా అని పిలిచేవాళ్లం, ఆయన వాటిని చావుకార్డులకు తప్ప ముట్టనిచ్చేవాడు కాదు, పని కాగానే కిరసనాయిలుతో కడిగించి అడుగు సొరుగులో పెట్టించేవాడు. ఎందుకని అడిగితే, "కాళ్లున్నది నడుస్తది బేటా. ఒక్కపారి తొవ్వ దొరికితే గా ఇంటికి మళ్ల వస్తది" అన్నాడు. అప్పుడు నాకు నవ్వొచ్చింది.

అక్కకు బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసే అబ్బాయితో సంబంధం కుదిరింది. కార్డు సంగతి చూద్దామని ప్రెస్సుకు వచ్చిన కాబోయే బావ, బల్ల మీద ఆరుతున్న ఎవరిదో పదకొండో రోజు కార్డు చూసి, ఆ అక్షరాలకు ముచ్చటపడ్డాడు. తన పేరు వాటిలోనే పడాలన్నాడు. వద్దని చాచా బతిమాలినా వినలేదు. పెళ్లికొడుకు అలిగితే సంబంధం ఏమవుతుందోనని మా బాపు నన్నే కూర్చమన్నాడు, కూర్చాను. చదువురాని అవ్వ కార్డు చేతిలోకి తీసుకుని, "ఎవలు సచ్చిపోయిండ్రు బిడ్డా?" అంది. సంగతి తెలిశాక పేర్లు కనబడనంతగా పసుపు పూసింది. అదంతా అక్క గుమ్మంలో నిలబడి చూసింది.

ఏమీ జరగలేదు. అయినా చెరకు ఆడే రోజుల్లో సైరన్ వేళ కాని వేళ మోగితే అక్క వంట వదిలి గేటు దాకా పరుగెత్తేది, బావ కనబడేదాకా కదిలేది కాదు. "నీ అక్షరాలు ఇంక తొవ్వలనే ఉన్నయా?" అని బావ అక్కను ఆటపట్టించేవాడు. పోయినేడు ఆయన నిండు వయసులో నిద్రలోనే పోయాడు. అక్క ఏడవలేదు. "వచ్చినయి" అని మాత్రం అంది.

ఇప్పుడు చాచా లేడు, ఆ సొరుగూ లేదు. చావుకూ పెళ్లికీ వేరు వేరు అక్షరాలుండేవని ఎవరికీ గుర్తులేదు, ఫోన్‌లో ఏది నచ్చితే అదే. అందంగా ఉన్నాయని ఎంచుకున్న ఆ పిల్లను ఏమనగలను?

ఇలా అనుకుంటుండగానే అక్క ఫోన్ చేసింది. ఆమెకిప్పుడు చూపు ఆనదు.

"చెల్లే, కారటు మంచిగున్నదా? అక్షరాలకు కాళ్లున్నయా?"

"లేవక్కా" అన్నాను.

ఫోన్ పెట్టేశాక, లేచి వెళ్లి వీధి తలుపు గడియ పెట్టి వచ్చాను.