డయాలసిస్ లేని రోజులు

మా ఆయనకు వారంలో మూడు రోజులు డయాలసిస్. సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున్నే పంజాగుట్టలోని సెంటర్‌కు వెళ్ళి మిషన్ పక్కన పడుకోవాలి. మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి మనిషి పిండేసిన గుడ్డలా అయిపోతారు. అన్నం సహించదు, మాట రాదు, గోడవైపు తిరిగి పడుకుంటారు. మర్నాడు మాత్రం లేచి పేపర్ చదువుతారు, కూరలో ఉప్పు లేదని నా మీద విసుక్కుంటారు. ఆదివారం సాయంత్రానికి మళ్ళీ కాళ్ళు వాచి, ఆయాసం మొదలవుతుంది. అంటే మాకు బతకడానికి ఉన్నవి మంగళ, గురు, శనివారాలే.

మొదట్లో ఆ రోజుల్ని చుట్టాలే తినేశారు. అందరూ ప్రేమతోనే వచ్చేవారు. వస్తూ వస్తూ కొబ్బరిబొండాలు, అరటిపళ్ళు తెచ్చేవారు. కిడ్నీలు పనిచెయ్యని మనిషికి అవి ఎంత ప్రమాదమో చెప్పినా, "ఒక్క గుక్కకి ఏమవుతుంది లెండి" అనేవారు. వచ్చిన ప్రతివాళ్ళకీ జబ్బు కథ మొదటినుంచి చెప్పాలి. ఆయన ఓపిగ్గా చెప్పేవారు. వాళ్ళు లేచేసరికి ఆయన ఓపిక అయిపోయేది, నాకు దక్కేది ఆయన నిద్ర.

దాంతో నేను కాపలాకి కూర్చున్నాను. ఫోన్ మోగితే "నిద్రపోతున్నారండీ" అనేదాన్ని. ఒక గురువారం మా మరిది చెప్పకుండా వచ్చాడు. గుమ్మంలోనే ఆపేశాను.

"రేపు డయాలసిస్ ఉంది. రెస్ట్ తీసుకుంటున్నారు."

"ఐదు నిమిషాలు చూసి వెళ్ళిపోతాను వదినా."

"ఇంకోసారి రా నాయనా."

అతను నా భుజం మీదుగా లోపలికి చూశాడు. హాల్లో టీవీ వినబడుతోంది, వాళ్ళ అన్నయ్య దగ్గు కూడా. మెట్లు దిగి వెళ్ళిపోయాడు. తర్వాత చాలాకాలం ఫోన్ చెయ్యలేదు.

ఇల్లు ప్రశాంతంగా ఉంది, ఇక ఈ రోజులు మావే అనుకున్నాను. అలాంటి ఒక శనివారం టిఫిన్ తింటూ ఆయన అన్నారు, "అమీర్‌పేటలో ఒక బ్యాచ్ తీసుకుంటాను. గంటే."

ఆయన అక్కడే మైత్రీవనం దగ్గర ఒక కోచింగ్ సెంటర్‌లో బ్యాంకు పరీక్షల పిల్లలకు లెక్కలు చెప్పేవారు. జబ్బు బయటపడ్డ రోజు నుంచి అటు వెళ్ళలేదు.

"ఇప్పుడు పాఠాలెందుకండీ? మనకేం లోటని?"

"లోటుందని కాదు. అక్కడికి వెళ్తే నేను పేషెంటుని కాను."

"ఇక్కడ నేను మిమ్మల్ని పేషెంటులా చూస్తున్నానా?"

ఆయన ప్లేటు పక్కకు జరిపారు. నాకు ఏడుపొచ్చింది. "ఉన్నవే మూడు రోజులు. అవి మీవి మాత్రమే కాదు, నావి కూడా" అన్నాను.

"నీవే. కాదన్నానా? కానీ నువ్వు వాటిని బీరువాలో పెట్టి తాళం వేస్తున్నావు. దాచుకుంటే మిగిలేవి కావే ఇవి."

ఆయన వెళ్ళారు. ఒంటరిగా పంపలేక నేనూ వెళ్ళి చివరి బెంచీలో కూర్చున్నాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన పాఠం చెప్పడం చూడటం అదే మొదటిసారి. ఇంట్లో మంచినీళ్ళ గ్లాసు కూడా మెల్లగా అందుకునే మనిషి బోర్డు ముందు ఆ చివర నుంచి ఈ చివరకు నడుస్తున్నారు. తప్పు చెప్పిన కుర్రాణ్ణి ఏడిపిస్తున్నారు, పిల్లలు నవ్వుతున్నారు. ఆయన ముఖంలో ఆ కళ చూసి ఎన్ని నెలలైందో, సంతోషించాలి. నాకు మాత్రం ఉక్రోషం వచ్చింది. ఈ మనిషిని వీళ్ళకిచ్చి, గోడవైపు తిరిగి పడుకునే మనిషిని నాకు మిగిల్చారు అనిపించింది.

కొన్ని వారాలు అలా గడిచాయి. ఒకరోజు లెక్క మధ్యలో ఆయన చేతిలోంచి మార్కర్ జారింది. బోర్డు పట్టుకోబోయి కుర్చీ మీద కూలబడ్డారు. పిల్లలే కుర్చీతో సహా లిఫ్టు దాకా మోశారు. బీపీ పడిపోయిందని, ఆ పూటకు ప్రమాదం లేదని ఆసుపత్రిలో చెప్పారు. మర్నాడు కోచింగ్ సెంటర్ నడిపే ఆయన ఇంటికొచ్చి, లోపలికి రాకుండా వరండాలోనే నిలబడ్డాడు.

"సార్ అంటే మస్తు గౌరవం మేడం. గానీ పిల్లలు భయపడ్డరు. రేపు ఏమన్నా అయితే నేనేం జవాబు చెప్పాలె? సార్‌ను జర ఆరోగ్యం చూస్కోమనండి."

లోపల మంచం మీద ఆయనకు అంతా వినబడింది.

ఆ తర్వాత వారంలోని ఆ మూడు మంచి రోజులూ పూర్తిగా నా చేతికొచ్చాయి. ఆయన బాల్కనీలో కూర్చుని రోడ్డు చూసేవారు. పలకరిస్తే "ఊఁ" అనేవారు. నేను పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని. ఏం మాట్లాడాలో నాకూ తెలిసేది కాదు. మంగళవారానికీ బుధవారానికీ తేడా లేకుండా పోయింది.

ఒక సాయంత్రం కూరగాయల కొట్టు దగ్గర ఇద్దరు అమ్మాయిలు ఆపారు. మా వీధిలోనే హాస్టల్లో ఉంటారట, ఆయన క్లాసులో పిల్లలు. "మేడం, సార్ ఎట్లున్నరు? మళ్ళ ఎప్పుడొస్తరు?" అని అడిగారు.

"ఇక రారమ్మా" అన్నాను. వాళ్ళు మొహాలు చిన్నబుచ్చుకుని పక్కకు జరిగారు. నాలుగడుగులు వేశాక ఏమనిపించిందో వెనక్కి తిరిగి, "శనివారం ఇంటికి రండి" అనేశాను.

ఇంటికొచ్చి ఆయనకు ఆ మాట చెప్పాను. ఆయన వెంటనే తమ్ముడికి ఫోన్ చేసి, "ఒరేయ్, గోడకి బోర్డు కొట్టాలి, డ్రిల్లు మిషన్ పట్టుకురా" అన్నారు.

మరిది వచ్చి గుమ్మంలో ఆగాడు. "ఈసారి లోపలికి రావచ్చా వదినా?"

పక్కకు తప్పుకుని దారిచ్చాను. పనయ్యాక కాఫీ ఇస్తే తాగాడు గానీ, నాతో ఎక్కువ మాట్లాడలేదు. వాళ్ళ అన్నయ్యతో మాత్రం బోర్డు వంకరగా ఉందని, లేదని అరగంట పోట్లాడాడు. ఆయన పెద్దగా నవ్వడం వంటింట్లోకి వినిపించింది.

ఇప్పుడు మంగళ, శనివారాలు మా హాల్లో కూర్చునే పాఠాలు చెబుతారు. గురువారం నాది. ఎండ తగ్గాక శ్రీనగర్ కాలనీ వైపు మెల్లగా నడుస్తాం. కిడ్నీ మార్పిడి జాబితాలో పేరు రాయించాం, పిలుపు లేదు. పోయిన నెల రెండుసార్లు డయాలసిస్ మధ్యలోనే ఆపాల్సి వచ్చింది. డాక్టర్ గారు మునుపటిలా ధైర్యం చెప్పడం లేదు.

మొన్న క్లాసయ్యాక ఆయన సోఫాలో వెనక్కి వాలి, "ఈ రోజు బాగా గడిచిందే" అన్నారు. పాదాలు ఉబ్బి ఉన్నాయి. ఆయనకు బాగా గడిచిన రోజును నాది కూడా అనుకోవడం నాకింకా అలవాటు కాలేదు. దిండు తెచ్చి ఆయన కాళ్ళ కింద పెట్టి, పిల్లలు తాగిన టీ గ్లాసులు తీయడానికి లేచాను.