మూడు అచ్చుల సమ్సోను

నా చిన్నప్పుడు నాకో ఉద్యోగం ఉండేది. మా అమ్మమ్మ తెలుగులో అన్నదాన్ని అమెరికాలో మేముండే పిస్కాటవే ఊరందరికీ ఇంగ్లీషులో చెప్పడం. జీతం లేదు, సెలవు లేదు, పైగా నామోషీ ఒకటి.

నాలుగో తరగతిలో ఉండగా మా క్లాసును మ్యూజియంకి తీసుకెళ్లారు. తోడుగా కొందరు తల్లులు రావాలన్నారు. మా అమ్మకు హాస్పిటల్‌లో డ్యూటీ పడటంతో అమ్మమ్మ వచ్చింది, నేతచీర మీద మా నాన్న చలికోటు వేసుకుని.

అక్కడ ఒక గదినిండా వందల ఏళ్లనాటి ఇటలీ బొమ్మలు. చెక్క మీద చెక్కి కాగితం మీద అచ్చు వేసినవి. గోధుమరంగు నీడల్లోంచి గ్రీకు దేవుళ్లు, వీరులు పైకి లేచి వస్తున్నట్టు ఉన్నారు. ఒకదాంట్లో కండలు తిరిగిన మనిషి సింహం మెడ నులుముతున్నాడు. అమ్మమ్మ ముఖం వెలిగిపోయింది. బైబిల్లో సింహాన్ని చంపిన మన సమ్సోనే అంది. బొమ్మలు చూపిస్తున్న గైడు ఆవిడేమంటోందని అడిగితే చెప్పాను. కాదు, హెర్క్యులీస్ అని గైడమ్మ నవ్వింది. క్లాసంతా నవ్వింది. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి.

అమ్మమ్మ మాత్రం బొమ్మ దగ్గరికి వంగి మళ్లీ మొదలుపెట్టింది. పెడనలో వాళ్ల నాన్న బట్టల అద్దకానికి చెక్క అచ్చులు చెక్కేవాడు. ఈ బొమ్మ ఒక్క అచ్చుతో అయ్యేది కాదని, రంగుకొకటి చొప్పున మూడు పడ్డాయని, మూడోది వెంట్రుకవాసి పక్కకు జరిగిందని చాలాసేపు చెప్పింది. గైడమ్మ నావైపు చూసింది.

"షీ లైక్స్ ఇట్" అన్నాను.

"నేనంత చెబితే నువ్వు మూడు ముక్కల్లో తేల్చేశావేంటే?" అని అమ్మమ్మ, నా జవాబు కోసం ఆగకుండా గైడమ్మకు మూడు వేళ్లు చూపించింది. ఇక తప్పక అంతా చెప్పాను. గైడమ్మ భూతద్దం తెచ్చి, సింహం జూలు దగ్గర రంగు గీత దాటడం చూసింది. ఇన్నేళ్లుగా చూపిస్తున్నా తను గమనించలేదని ఒప్పుకుంది. అందరికంటే గట్టిగా నవ్విన పిల్లాడే, మరి తెలుపు ఏ అచ్చు అని అడిగాడు. తెలుపుకు అచ్చు లేదని, వెలుగు కావలసిన చోట అన్ని అచ్చుల్లోనూ చెక్క తీసేస్తే ఉత్త కాగితమే వెలుగవుతుందని అమ్మమ్మ అంది. ఈసారి ఒక్క మాట మింగకుండా చెప్పాను.

తిరుగు బస్సులో ఆవిడ నన్ను తిట్టలేదు. నా చెయ్యి తన ఒళ్లో పెట్టుకుంది.

"నేను తప్పు చెప్పినా మొత్తం చెప్పమ్మా. నవ్వితే నన్ను చూసి నవ్వుతారు, నీకేం పోయింది?"

నాకు ఏడుపొచ్చింది. తిట్టినా బాగుండేదనిపించింది.

ఆ మాట అన్నందుకు ఆవిడను తలుచుకోని వారం లేదు. ఇప్పుడు మా తెలుగు చర్చిలోని పెద్దవాళ్లకు హాస్పిటల్‌కి తోడు వెళ్తుంటాను. మొన్న ఒకావిడ మోకాలి నొప్పి చెప్పడానికి తన పెళ్లి దగ్గర్నుంచి మొదలుపెట్టింది. డాక్టరు గడియారం చూసుకున్నాడు. నేను పెళ్లి దగ్గర్నుంచే చెప్పాను.