సంచిలో వేసిన బొమ్మ

మా చిన్నప్పుడు... మా అన్న బాజీ వేసిన బొమ్మను అభిమాన సంఘం ప్రెసిడెంట్ కొట్టేశాడు. ఇన్నాళ్ళూ పోయిందనుకున్నాం. పోలేదు. మొన్న మధ్యాహ్నం అన్నాల వేళ, మిరపకాయల తొడిమలు తీసే షెడ్డులో కూర్చుని ఫోన్ చూస్తుంటే కనబడింది... అద్దం ఫ్రేములో, ఆయనగారి ఇంటి గోడ మీద.

ఏ హీరో అని అడక్కండి. చెబితే అసలు సంగతి వదిలేసి కామెంట్లలో కొట్టుకు చస్తారు.

అప్పుడు నాకు పదేళ్ళు, అన్నకి పదహారు. సత్తెనపల్లిలో మా ఇంటి పక్కనే పురుగుమందుల కొట్టు. పాతబడ్డ పోస్టర్లు కొట్టాయన మాకిచ్చేసేవాడు. అమ్మ వాటిని గూట్లో పరిచి, పైన పప్పుల డబ్బాలు పెట్టుకునేది. ఒక్కటి మాత్రం అన్న దాచుకున్నాడు... ముందువైపు పత్తికాయని తొలిచే పురుగు, వేలంత లావున. వెనకవైపు తెల్లటి తెలుపు.

ఆ తెలుపు మీద ఇరవై రోజులు కూర్చుని హీరో బొమ్మ వేశాడు. అంతా పెన్సిలే. తలపాగాకి మాత్రం ఎరుపు కావాలి... రంగుపెట్టె ఎక్కడిది? పండు మిరపకాయలు నూరి, నూనెలో నానబెట్టి, దూదితో అద్దాడు. తీరా ఆరాక చూస్తే, నూనె పీల్చుకున్న చోట కాగితం పల్చబడి, వెనకున్న పురుగు తలపాగాలో తేలింది!

"హీరో నెత్తిన పురుగు పెట్టావేంది అన్నా!" అని పడీపడీ నవ్వాను.

"నోర్మూసుకోవే... దూరం నుంచి చూస్తే జరీ అంచులాగే ఉంది" అన్నాడు. కానీ ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు.

గుంటూరులో ఫంక్షన్ హాలు అద్దెకు తీసుకుని అభిమానుల సమ్మేళనం పెట్టారు. హీరో వస్తాడు, సంతకాలు పెడతాడు అన్నారు. మొదటి బస్సుకే వెళ్ళాం. మధ్యాహ్నానికి ఆయన వచ్చాడు... వచ్చినవాడు వచ్చినట్టే లోపలి గదిలోకి వెళ్ళిపోయాడు. అప్పుడు ప్రెసిడెంట్ గారు పెద్ద సంచి పట్టుకుని బయటికొచ్చారు.

"లోపలికి ఎవర్నీ పంపరు. సంతకం కావాల్సినవన్నీ ఇందులో వెయ్యండి. దగ్గరుండి పెట్టిస్తా."

అందరూ ఫోటోలు వేశారు. నేను నా లాంగ్ నోట్‌బుక్ వేశాను. అన్న మాత్రం బొమ్మని గుండెకి ఆనించుకుని నిలబడ్డాడు.

"నేనే ఇస్తానన్నా... గుమ్మం దగ్గర నుంచయినా సరే."

"ఏరా, నా మీద నమ్మకం లేదా? సంఘంలో ఉండాలని లేదా?" అంటూ ఆయన బొమ్మ లాక్కుని అటూ ఇటూ తిప్పి చూశారు. "పేరు రాసుకోలేదేం?"

"హీరో గారి బొమ్మ మీద నా పేరేంటన్నా... తప్పు కదా."

మా ఊళ్ళో అభిమానులందరికీ అదే పట్టింపు. బొమ్మ వేసినా, బ్యానర్ కట్టినా దేవుడి పక్కన మన పేరు ఉండకూడదు.

"అదీరా అభిమానమంటే!" అని అన్న భుజం తట్టి, బొమ్మని సంచిలో వేసుకుని లోపలికి వెళ్ళారు. అప్పుడు మెచ్చుకున్నారనుకున్నాను... ఇప్పుడు తెలుస్తోంది, పేరు ఉందో లేదో చూసుకున్నారు.

గంటకి సంచి తిరిగొచ్చింది. అందరి ఫోటోల మీదా సంతకాలు. నా పుస్తకం మీద కూడా. అన్న సంచి అడుగుదాకా చెయ్యి పెట్టి వెతికాడు.

"నా బొమ్మేదన్నా?"

"చూశార్రా. తలపాగాలో ఆ మరకేంటి అని పక్కన పడేశారు. ఇక అడక్కు, బాగోదు."

అన్న ఇంటికొచ్చి పెన్సిళ్ళన్నీ నాకిచ్చేశాడు. ఆ తర్వాత ఇవాళ్టిదాకా ఒక్క గీత గీయలేదు. ఇప్పుడు ట్రాలీ ఆటోలో మిరపకాయల బస్తాలు తోలుతున్నాడు. "వెనకాల ఏం బొమ్మ వెయ్యమంటావు బాజీ?" అని పెయింటర్ అడిగితే, "ఏమొద్దులే" అన్నాడు. ఊళ్ళో ఆటోలన్నిటికీ బొమ్మలున్నాయి, మా అన్న ఆటోకి లేదు.

ఇక మొన్నటి ఫోటో. పెద్దది చేసి చూశాను. తలపాగాలో పురుగు అలాగే ఉంది! కింద హీరో సంతకం, దాని పైన "చాలా బాగా వేశావు తమ్ముడూ" అని రాసి ఉంది. ప్రెసిడెంట్ గారు ఏమని పెట్టుకున్నారో తెలుసా... "నా చేతి బొమ్మకి మా దేవుడి దీవెన".

ఇంటికొచ్చి నా పాత నోట్‌బుక్ తీసి పక్కన పెట్టి చూశాను. బొమ్మ మీద సంతకం బారుగా, వాలుగా ఉంది. నా పుస్తకం మీదది పొట్టిగా, నిలువుగా. ఒక్క మనిషి ఒక్క రోజు రెండు రకాలుగా పెడతాడా? గట్టిగా చెప్పలేను... కానీ ఆ రోజు హీరో నిజంగా సంతకం పెట్టింది మా అన్న బొమ్మ ఒక్కదాని మీదేనేమో. మిగతావి గదిలో ఎవరు గీకారో ప్రెసిడెంట్ గారికే తెలియాలి.

ఇప్పుడు సంతకాలు ఎవరికీ అక్కర్లేదు, సెల్ఫీ చాలు. అప్పట్లో మనకి అపురూపమైనదాన్ని ఇంకొకళ్ళ చేతిలో పెట్టి, గుమ్మం వైపు చూస్తూ నిలబడేవాళ్ళం... ఆ నమ్మకం తలుచుకుంటే ఒళ్ళు మండుతోంది. ఆ రోజు ఆ హాల్లో ఉన్నవాళ్ళెవరైనా ఇది చదివితే, మీ సంతకాలు ఫోటో తీసి కింద పెట్టండి. ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూద్దాం.

ప్రెసిడెంట్ గారూ, మీకు ఒకటే మాట. మా అన్నది బటన్ల ఫోను, ఇదింకా చూడలేదు. షెడ్డులో వాళ్ళకీ చెప్పొద్దన్నాను. ఆదివారం పొద్దున పది గంటల్లోపు సత్తెనపల్లి వచ్చి ఆ బొమ్మ మా అన్న చేతికివ్వండి. "పక్కన పడేశారు" అన్నది అబద్ధమని, హీరో తనని తమ్ముడూ అన్నాడని మీ నోటితో చెప్పండి. వస్తారో రారో శనివారం సాయంత్రానికల్లా ఇక్కడే జవాబు రాయండి.

రాకపోతే పది దాటిన ఒక్క నిమిషానికి నా ఫోన్ అన్న చేతిలో పెడతాను. అప్పుడు మీ ఇంటికి మేమే వస్తాం.