పన్నెండుసార్లు వేసిన రాజు వేషం

ప్రొద్దుటూరులో బోరు మోటార్లకు వైండింగు చేసుకునే నాకు నాటకాలతో ఏం పని అని అడిగితే, నా నోరే కారణమని చెప్పాలి. చేతిలో రాగితీగ తిరుగుతున్నంతసేపూ అది ఊరుకోదు. ఒకసారి పెన్నకు వరదొచ్చినప్పుడు మొసలి వీపెక్కి, ఎదురీదించుకుంటూ మైలవరం దాకా పోయానని చెప్పాను. నమ్మినవాళ్లు ఇద్దరున్నారు.

ఆ రోజు జమ్మలమడుగు బస్టాండు పక్కన టీ అంగట్లో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఆయన ఊరు గండికోట జలాశయంలో మునిగిపోయింది. ఇప్పుడు అందరూ కొండాపురం దగ్గర కాలనీలో ఉంటున్నారు. ఊరున్నన్నాళ్లూ తాతల కాలంనాటి పద్యనాటకం ఒకటి ఏటా ఆడేవాళ్లట. ముప్పై ఏళ్లు రాజు వేషం ఈయనదే. ఊరు పోయాక ఆట ఆగింది. మళ్లీ మొదలుపెడదామంటే ఈయన మోకాళ్లు నిలబడనివ్వడం లేదు.

"రాజు దొరికితే ఆడతాం. లేకుంటే అది గూడా నీళ్లలో పోయినట్టే" అని టీ అంగడి మనిషితో అంటున్నాడు.

నన్నెవరూ అడగలేదు. అయినా అన్నాను: "ఆ రాజు యేషం నేను పన్నెండుసార్లు ఏసినా మామా, పులివెందుల్లో."

పది అంటే గొప్పకు చెప్పినట్టుంటుంది. పన్నెండంటే వేళ్లు మడిచి చెప్పినట్టుంటుంది. అబద్ధంలో నా పనితనం అది.

పెద్దాయన గ్లాసు కింద పెట్టి నా ముఖంలోకి చాలాసేపు చూశాడు. "పన్నెండుసార్లా?"

"పన్నెండే. పదమూడోసారి వానొచ్చి ఆగిపాయ."

"అట్లయితే ఆదివారం రాప్పా. హార్మోనియం అయ్యవారు గూడా వస్తాడు."

వస్తానని తలూపి, ఫోను నంబరు కూడా ఇచ్చి, పోకూడదని నిశ్చయించుకున్నాను. కానీ శనివారమే ఫోనొచ్చింది. రాజు దొరికాడని కాలనీ అంతా చెప్పేశారట. పిల్లలు కూడా ఎదురుచూస్తున్నారట.

మీరు ఈ నాటకం చూసి ఉండరు. శత్రువులు చుట్టుముట్టిన కోట. సాయంత్రం నగారా మోగాక ఎవరొచ్చినా తలుపు తీసేది లేదని రాజు నిండు సభలో అంటాడు. ఆ సాయంత్రమే తమ్ముడు ఆలస్యంగా వచ్చి తలుపు కొడతాడు. గొంతు గుర్తుపట్టి కూడా రాజు తీయడు. తమ్ముడు వాకిట్లోనే చచ్చిపోతాడు. కోటలోంచి బయటపడే సొరంగం దారి తెలిసినవాడు ఆ తమ్ముడొక్కడే. రాజు తన కోటలో తానే చిక్కుకుంటాడు.

కోట తలుపుగా పెద్దాయన పాత ఇంటి తలుపునే నిలబెట్టారు. ఊరు ఖాళీ చేసేటప్పుడు దూలాలూ వాకిళ్లూ ఊడదీసి ట్రాక్టర్లలో తెచ్చుకున్నారు. కాలనీ ఇంటి గుమ్మానికి ఆ తలుపు పట్టలేదు.

నలభై రోజులు అభ్యాసం చేశాం. పద్యం తప్పినప్పుడల్లా "పులివెందుల పక్క దీన్ని ఇట్లే పాడతాం" అనేవాణ్ణి. కత్తి కుడివైపు కట్టుకున్నప్పుడూ అదే మాట. హార్మోనియం అయ్యవారు తన పెట్టె మెట్ల మీదే చూపు నిలిపి దగ్గేవాడు. పెద్దాయన మాత్రం నవ్వేవాడు కాదు, తిట్టేవాడూ కాదు. ఒక్క సంగతే మళ్లీ మళ్లీ చెప్పేవాడు.

"పద్యంలో తమ్ముడా తమ్ముడా అని ఏడుస్తాడే, ఆ ఏడుపు నమ్మగాకు. చెయ్యి చూడు. తలుపు గడి మీదనే ఉంటాది. తీయదు, ఇడిసిపెట్టదు. వాడు ఎట్లాంటోడో ఆ చెయ్యి చెప్తాది, నోరు కాదు."

చెప్పి ఒక నిమిషం ఆగేవాడు, నేనేదో అంటానన్నట్టు. నేను గొంతు సవరించుకుని పద్యం ఎత్తుకునేవాణ్ణి. రోజులు గడిచేకొద్దీ నిజం చెప్పడం ఇంకా కష్టమైంది. మొదటి ఆదివారం చెప్పి ఉంటే నవ్వి పంపేవాళ్లు. నెల తర్వాత చెబితే వాళ్ల నాటకాన్ని నేనే ముంచినట్టవుతుంది.

ఆట రోజు బండిలో పెట్రోలు నింపి పెట్టుకున్నాను, పారిపోవడానికే. అయితే ముఖానికి రంగు పడితే మంగళహారతి పాడేదాకా కడగకూడదు, రంగుతో పొలిమేర దాటకూడదు. అది వాళ్ల కట్టుబాటు. ఆ సంగతి తెలిసేసరికి సగం ముఖం రాజైపోయింది.

"మామా, ఒక మాట" అన్నాను.

పెద్దాయన బొటనవేలితో నాకు తిలకం దిద్దుతున్నాడు. "కదలగాకు. చెదిరిపోతాది."

పొద్దుగూకే వేళకు తలుపు ఘట్టం వచ్చింది. తమ్ముడి వేషం వేసింది ఒక గొర్రెల కాపరి. గుట్ట మీంచి మందను పిలిచే గొంతు అతనిది. "అన్నా, తలుపు తీ" అన్నాడు. తలుపు అదిరింది. గడి మీద చెయ్యి వేశాను. పద్యం గుర్తు రాలేదు.

హార్మోనియం ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టూ తిరిగింది. ఆ గడి ఒక్కచోట మాత్రం నున్నగా అరిగి ఉంది. ఆ ఇంటివాళ్ల చేతులు అరగదీసిన చోటు. నా వేళ్లు సరిగ్గా అక్కడే పడ్డాయి. తలుపు తీసి, బయటికి నడిచి, నేనెవరో అందరికీ చెప్పేస్తే పోయేది. చెయ్యి కదల్లేదు. అక్కడ నిలబడింది రాజు కాదు, టీ అంగట్లో నోరు మూసుకోలేకపోయిన మనిషి.

ముందు వరసలోంచి ఒక ముసలామె మెల్లగా అంది: "తీయరా నాయనా. వాడు నీ తమ్ముడే కదరా."

తీయలేదు. బయట తమ్ముడు చచ్చిపోయాడు.

మంగళం పాడాక పెద్దాయన చెంబుతో నీళ్లు తెచ్చాడు. నేను ముఖం కడుక్కోకుండానే చెప్పేశాను. "పన్నెండు కాదు మామా. ఒక్కసారి గూడా ఏయల్యా."

"తెల్సు. టీ అంగట్లోనే తెల్సు."

"ఎట్లా?"

"ఆ నాటకం మా తాత రాసింది. మా ఊర్లో తప్ప యాడా ఆడల్యా. పులివెందుల్లో ఎవురాడిరి?"

నలభై రోజులుగా పులివెందుల రాగాలు పాడిన నోటిని చెంబులో నీళ్లతో పుక్కిలించాను.

"మరి ఎందుకు అడగల్యా మామా?"

"నువ్వు చెప్తావేమోనని దినామూ చూసినా. చెప్పకపోతివి. ఆ రాజుకూ తలుపు తీసేందుకు ఐదు పద్యాలంత సేపు ఉంటాది. తీయడు. అట్లాంటోడే మాకు కావాల."

"ఇంక పోయొస్తా మామా."

"యాడికి పోతావు? పన్నెండంటివి కదప్పా. ఒకటైపాయ."

ఏటా ఒకటి చొప్పున ఇప్పటికి ఐదు వేశాను. ఆయన ముందు వరసలో మంచం వేయించుకుని నా చెయ్యి చూస్తాడు. పద్యం తప్పినా ఏమీ అనడు. గడి మీంచి వేలు లేస్తే మాత్రం దగ్గుతాడు.

మొన్న అదే టీ అంగట్లో ఎవరో అడిగారు, రాజు వేషం ఎన్నిసార్లు వేశావని. ఐదుసార్లు అన్నాను. ఒక్కడూ నమ్మలేదు.