ముందు పరిగెత్తిన మాస్టారు

దయ్యాలున్నాయని నేనెప్పుడూ అనుకోలేదు. విలేకరిగా ఉన్న రోజుల్లో అలాంటి వార్త ఏది వచ్చినా డెస్కువాళ్లు నన్నే పంపేవారు. ఇంటి మీద రాత్రిళ్లు రాళ్లు పడుతున్నాయంటే వెళ్లాను, పక్కింటివాళ్లతో గట్టు తగాదా అని తేలింది. పాడుబావిలో ఏడుపు వినిపిస్తోందంటే వెళ్లాను, గుడ్లగూబలు ఎగిరిపోయాయి. రాసిన ప్రతిసారీ 'వదంతులు' అనే మాట తప్పకుండా చేర్చాను. ఈ విషయానికి మాత్రం ఆ మాట చేర్చలేకపోతున్నాను.

ముందే చెప్పేస్తాను. ఆ రోజు నాతో పరుగుకు వచ్చిన దానియేలు మాస్టారు చనిపోయారు. ఎలా రాసినా అది మారదు.

ఆయన చిలకలూరిపేట దగ్గర ఒక పల్లెటూరి హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయులు. నాకన్నా చిన్న, నన్ను అన్నా అనేవారు. బీపీ ఉంది నడవండి అని డాక్టరు చెబితే నడుచుకుంటున్న నన్ను పరుగులోకి లాగింది ఆయనే. చలికాలంలో కొండదారుల్లో జరిగే యాభై కిలోమీటర్ల పోటీని ఒక్కసారైనా పూర్తిచేయాలన్నది మా కోరిక. "ఎండలో పరిగెత్తినోడికి చలికాలం ఒక లెక్కా అన్నా?" అనేవారు. అందుకే వేసవిలోనూ ఆపలేదు. ఆదివారం ఆయనకు చర్చి ఉంటుంది కాబట్టి శనివారాలు పెట్టుకున్నాం.

మా దారి పొలాల మధ్య డొంకల వెంట పోతుంది. ఒకప్పుడు ఎడ్లబండ్లు తిరిగిన మట్టిబాటలు, ఇప్పుడు ట్రాక్టర్లు తిరుగుతున్నాయి. చాలా దూరం పోయాక మిర్చి కల్లాలు వస్తాయి, వాటిని దాటితే సాగర్ కాలువ కట్ట. కల్లంలో రంగు పోయిన తాలుకాయలు ఏరే ఆడవాళ్లకు మేము పెద్ద వినోదం. వాళ్లలో సామ్రాజ్యమ్మ అనే పెద్దావిడ ప్రతి వారం కేకేసేది.

"ఎవురు తరుముతున్నారయ్యా మిమ్మల్ని? అంత బలముంటే వచ్చి నాలుగు బస్తాలు మొయ్యండి!"

"పెళ్లాలు తరుముతున్నారు పిన్నీ!" అని మాస్టారు దగ్గుకుంటూ అరిచేవారు. ఈ నేల మీదే పుట్టి పెరిగినా మిరప ఘాటు ఆయనకు పడేది కాదు. కల్లం దాటి చాలా దూరం పోయేదాకా దగ్గుతూనే ఉండేవారు.

మా ఇద్దరికీ ఒకటే నియమం. వెనకవాడు కనిపించకపోతే ముందువాడు ఆగాలి. అప్పటికీ రాకపోతే వెనక్కి వెళ్లాలి.

అది ఏప్రిల్ చివరి శనివారం. తెల్లవారకముందే బయల్దేరాం. ఎండ ముదిరే వేళకు తిరిగిపోవాల్సింది, కాలువ కట్ట దాకా పోదామని నేనూ అన్నాను, ఆయనా అన్నారు. గాలి లేదు. పత్తికట్టె ఇంకా పీకని చేలు రెండు పక్కలా బూడిదరంగులో నిలబడి ఉన్నాయి. మాస్టారు తలకు తువ్వాలు చుట్టుకుని కాస్త వెనక వస్తున్నారు.

డొంక మలుపు దాటాక బూటులో గులకరాయి పడితే చిల్లచెట్టు కింద కూర్చుని తీసుకున్నాను. లేచి చూస్తే వెనక ఆయన లేరు. ఆగాను. రాలేదు. నీళ్ల సీసా మూత బిగించి, వెనక్కి వెళదామని రెండడుగులు వేశాను కూడా.

ఎందుకో ఒకసారి ముందుకు చూశాను. మాస్టారు నా ముందు పరిగెత్తుతున్నారు.

అదే తువ్వాలు, అదే ఆకుపచ్చ బనీను. ఎడమ పాదాన్ని కొంచెం బయటికి విసిరే అదే పరుగు. నేను రాయి తీసుకుంటుంటే పత్తిచేలో అడ్డంపడి దాటిపోయారని అనుకున్నాను. అంతకుముందు కూడా ఒకసారి అలా చేసి నన్ను ఏడిపించారు. "మాస్టారూ!" అని పిలిచి, నవ్వుకుంటూ వెంటపడ్డాను.

ఎంత వేగం పెంచినా దూరం తగ్గలేదు. నేను నడిస్తే ఆయన కూడా నెమ్మదించినట్టు అనిపించింది. ఎండకు నేల మీద గాలి నీళ్లలా కదులుతోంది. అందులో ఆయన కాళ్లు సరిగా ఆనేవి కావు. ఇది కూడా రాయాలి, ఎందుకంటే తర్వాత డాక్టరు దీన్నే పట్టుకున్నాడు.

కల్లం వచ్చింది. ఆ రోజు కాయలు బస్తాలకెత్తుతున్నారు. ఎర్రటి దుమ్ము. మొహాలకు పైటచెంగులు కట్టుకున్న ఆడవాళ్లంతా దగ్గుతున్నారు. మాస్టారు ఆ దుమ్ములోంచి వెళ్లిపోయారు. నేను అక్కడికి చేరేసరికి దగ్గు తెర పట్టుకుని వంగిపోయాను. సామ్రాజ్యమ్మ చెంబుతో నీళ్లిచ్చింది.

"ఏందయ్యా, ఇయ్యాల మీ మాస్టారికి నామీద కోపమా? పిలిస్తే పలకలా."

"కోపమెందుకమ్మా. నన్ను ఏడిపిస్తున్నారు."

"అది కాదు. ఆయనకి దగ్గేది?" ఆమె నవ్వడం మానేసింది. "పుట్టినకాణ్నించీ ఇందులోనే ఉన్న మేవే దగ్గతన్నాం. ప్రాణమున్నోడు దగ్గకుండా ఇది దాటతాడా?"

ఆ మాట నాకు గుచ్చుకుంది. అయినా ముందుకే పోయాను. మనిషి కళ్లముందు పరిగెత్తుతుంటే వెనక్కి ఎవరు పోతారు?

కాలువ కట్ట ఎక్కాను. కాలువ ఎండిపోయి ఉంది. కట్ట మీద చాలా దూరం కనిపిస్తుంది, ఆయన పోతూనే ఉన్నారు. ఇక నావల్ల కాలేదు. నడుం సంచిలోంచి ఫోను తీసి ఆయనకు చేశాను. ఆగండి మాస్టారూ, ఆట చాలు అని చెబుదామని.

ఫోను ఎత్తారు. ఎవరిదో గొంతు. వెనక మేకల అరుపులు.

"ఈ ఫోను ఎవురిదండీ? ఇక్కడ ఒకాయన పడిపోయున్నాడు. పెద్ద డొంక మలుపులో, పత్తిచేను పక్కన. ఒళ్లు పెనంలా కాలిపోతంది. తొందరగా రండి."

ఫోను చెవి దగ్గరే ఉంది. తలెత్తి చూశాను. కట్ట మీద ఆయన పరిగెత్తుతూనే ఉన్నారు.

అక్కడి నుంచి నేను వెనక్కి తిరిగాను. ఆ మనిషి తర్వాత ఎటు పోయాడో చూడలేదు.

ఎవరో నన్ను బండెక్కించుకుని మలుపు దగ్గరికి తీసుకెళ్లారు. మాస్టారు పడిపోయిన చోటు మలుపుకు అవతలే, పత్తికట్టె చాటున. నేను రాయి తీసుకున్న చిల్లచెట్టు అక్కణ్నుంచి కనిపిస్తోంది. ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి ప్రాణం పోయింది. వడదెబ్బ అన్నారు. పడిన కొద్దిసేపట్లో నీడకు చేర్చి తడిపి ఉంటే బతికేవారేమో అని కూడా అన్నారు. అడిగింది నేనే.

నాకు కనిపించిందేమిటో డాక్టరు చక్కగా వివరించాడు. ఒంట్లో నీరు తగ్గితే, మెదడు వేడెక్కితే, మనసులో ఉన్న మనిషి ఆ కదిలే ఎండమావుల్లో కళ్లముందు కనిపిస్తాడట. ఒప్పుకున్నాను. తర్వాతి వారం కల్లానికి వెళ్లాను. ఏం చూశారని ఆడవాళ్లను విడివిడిగా అడిగాను, వార్త కోసం అడిగినట్టే. నీడపట్టున కూర్చుని, నీళ్లు తాగుతూ పనిచేసుకుంటున్న మనుషులు వాళ్లు. ఆకుపచ్చ బనీను అన్నారు. తువ్వాలు అన్నారు. దగ్గలేదన్నారు.

మాస్టారి ఇంట్లో, కుటుంబాన్ని ఓదార్చే ఆదరణ కూడిక జరిగిన రోజు ఇదంతా ఆయన భార్య రూతమ్మకు చెప్పాను. చెప్పకుండా ఆ ఇంట్లో కూర్చోలేకపోయాను. పక్కనున్న పాస్టరు గారు నా భుజం మీద చెయ్యేశారు. దేవుడు దూతను పంపి ఆ ఎండలోంచి మిమ్మల్ని బయటికి నడిపించాడు, మాస్టారి కోసం వెనక్కి వెళ్లి ఉంటే ఇద్దరూ పోయేవారు అన్నారు. మంచి మనసుతో చెప్పిన మాట. చుట్టూ ఉన్నవాళ్లు స్తోత్రం అన్నారు.

రూతమ్మ అనలేదు. అందరూ భోజనాలకు లేచాక నా దగ్గరికి వచ్చింది.

"అన్నయ్య గారూ, దూతయితే మిమ్మల్ని ఆయన దగ్గరికి తీసుకెళ్లాలి గదా. దూరంగా ఎందుకు తీసుకెళ్లింది?"

చనిపోతున్నవాళ్లు అయినవాళ్లకు కనిపిస్తారని చాలామంది అంటారు, కావాలంటే నేనూ నమ్ముతాను. కానీ సాయం కోసం కనిపించాల్సిన మనిషి ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. చెయ్యెత్తి సైగ చేయలేదు. తన దగ్గర్నుంచి నన్ను దూరం చేసుకుంటూ పోయారు. అది ఆయనే అయితే ఎందుకలా చేశారో, ఆయన కాకపోతే అదెవరో, రూతమ్మకు ఈ రోజుకీ నేనేమీ చెప్పలేకపోయాను.