పైన నిలువు, లోపల అడ్డం

1994 జూన్‌లో తార్నాకలో, యూనివర్సిటీ క్యాంపస్ గేటు దగ్గరి ఒక నర్సింగ్‌హోంలో మత్తు డాక్టర్‌గా చేరాను. ప్రతి కేసుకూ ముందుగా చూసుకోవాల్సిన వాటి జాబితా రాసుకోవడం నా అలవాటు. ప్రసూతి వైద్యురాలు విమల మేడం దాన్ని చదవనిదే ఆపరేషన్ గదిలోకి రానిచ్చేవారు కారు.

రెండో నెలలో ఒక ఉదయం క్యాంపస్ హాస్టల్ మెస్‌లో వంట చేసే సుజాత నొప్పులతో వచ్చింది. మొదటి కాన్పులో బిడ్డ ఎదురుకాళ్లతో ఉండటంతో సిజేరియన్ అయింది. తర్వాత మూడు నెలలు గిన్నె ఎత్తలేక అప్పట్లో చేస్తున్న పని పోగొట్టుకుంది. ఈసారి మామూలు కాన్పే కావాలని మేడంని ముందే అడిగింది.

బొడ్డు కింద నిలువు మచ్చ చూసి నేను ‘గర్భసంచికి నిలువు కోత, ఆపరేషన్ తప్పదు’ అని రాశాను. అలా కోసిన సంచి నొప్పులకు చిరిగే ప్రమాదం ఎక్కువ. కింది భాగంలో అడ్డంగా కోసినదైతే చాలావరకు తట్టుకుంటుంది.

“చర్మం చూసి సంచి సంగతి రాసినవా, డాక్టర్?” అన్నారు మేడం. పాత ఆపరేషన్ కాగితం ఆమె ఏడో నెలలోనే తెప్పించి ఫైల్లో పెట్టారు. నేను పేజీ తిప్పలేదు. అందులో చర్మానికి నిలువు కోత, సంచికి అడ్డకోత అని స్పష్టంగా ఉంది.

మామూలు కాన్పుకే చూద్దామని, నొప్పులు పెంచే మందు మాత్రం వద్దని మేడం అన్నారు. రక్తం సిద్ధంగా పెట్టించారు. నన్ను భోజనానికి కూడా కదలొద్దన్నారు. తాను మంచం పక్కన స్టూలు వేసుకుని పావుగంటకోసారి నాడి, బిడ్డ గుండె చూస్తూ కూర్చున్నారు.

కోస్తే అరగంటలో అయిపోయేది కదా అని సుజాత వెంట వచ్చిన అత్త గొణిగింది.

“కోసేది నీ కడుపు గాదు గదా అత్తమ్మా,” అంది సుజాత, పళ్లు బిగించి.

మధ్యాహ్నం రెండున్నరకు సుజాత నాడి నూటపదికి చేరింది. సంచి చిరుగుతోందేమోనని నేను మత్తుమందు సిరంజీ అందుకున్నాను. మేడం నొప్పికీ నొప్పికీ మధ్య మచ్చ మీద చెయ్యి వేసి చూశారు. అక్కడ నొప్పి లేదు. బిడ్డ గుండె నిలకడగా ఉంది. “నీళ్లు తాపియ్యి. ఐదు నిమిషాలు చూద్దాం. తగ్గకపోతే నీ చేతికే ఇస్త,” అన్నారు.

తగ్గింది. నాలుగింటికి ఆడపిల్ల పుట్టింది. నేను సిరంజీల్లో నింపిన మందంతా పారబోశాను.

ఆ తర్వాత నా జాబితాలో మొదటి పంక్తి మారింది: పాత ఆపరేషన్ కాగితం చదివానా? కాగితం దొరకని చోట ‘తెలియదు’ అని రాశాను. ఊహించి మాత్రం మళ్లీ రాయలేదు.