ఓడ వద్దన్నది నేనే

నా భార్యకు ఓడ ఎక్కడం ఇష్టం లేదని ఆమె తండ్రికి చెప్పింది నేను. అది అబద్ధం. ఓడ కావాలన్నది ఆమె, వద్దనుకున్నది నేను. నీళ్లంటే నాకు భయం అన్న ఒక్క ముక్క ఆ రోజున అనేసి ఉంటే సరిపోయేది. అనలేదు.

కోనసీమలో పుట్టి, ఎటు తిరిగినా కాలవో పాయో కనబడే చోట పెరిగి, నీళ్లంటే భయమని చెప్పుకోవడం నామోషీ. పైగా నేను హైస్కూల్లో సైన్సు మాస్టారిని. పడవ ఎందుకు తేలుతుందో బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్తాను. రేవు దాటాల్సి వస్తే మాత్రం కారు కిరాయికి తీసుకుని, పంటు మీద దాని అద్దాలు ఎత్తుకుని, అవతలి ఒడ్డు వచ్చేదాకా ఫోను చూసుకుంటూ లోపలే కూర్చుంటాను. మనుషుల్నీ మోటారు సైకిళ్లనీ ఆటోల్నీ కార్లనీ ఒక్కసారే పాయ దాటించే ఆ బల్లపరుపు పడవను మా వైపు పంటు అంటారు.

మా మావగారు ఆ పంటు నడిపే సరంగు. పెళ్లిచూపులకు ఆయన పంటు మీదే వెళ్లాను. కారు దిగలేదు. "మాస్టారు మహా నెమ్మదస్తులండి. పంటు దాటేదాకా కదలకుండా కూర్చున్నారు" అని ఆయన రేవులో అందరికీ గొప్పగా చెప్పేరట.

అప్పటికి నాకు నలభై రెండేళ్లు, ఆమెకు ముప్పై ఆరు. ఆమె అమలాపురంలో నర్సు. తల్లి చిన్నప్పుడే పోతే తండ్రే పెంచారు. సెలవు రోజుల్లో ఇంటి దగ్గర ఒక్కదాన్నీ వదల్లేక పంటు మీదే కూర్చోబెట్టుకునేవారట. లెక్కలూ పద్యాలూ అన్నీ ఇంజిను చప్పుడులోనే నేర్చుకున్నానని నవ్వుతూ చెప్పేది.

పెళ్లికి ముందు ఇద్దరం హనీమూన్ సంగతి మాట్లాడదామని అమలాపురంలో ఒక ట్రావెల్స్ ఆఫీసుకు వెళ్లాం. వాళ్లు రెండు రంగుల కాగితాలు మా ముందు పెట్టారు. ఒకటి, విశాఖపట్నం నుంచి మూడు రాత్రుల ఓడ ప్రయాణం. రెండోది, గోవాలో సముద్రం ఒడ్డున రిసార్టు. తిండీ పడకా షికార్లూ అన్నీ ప్యాకేజీలోనే. రెండో కాగితం ఆమె తిప్పి కూడా చూడలేదు.

"ఓడేనండీ" అంది. "నాన్న ముప్పై ఏళ్లుగా ఈ ఒడ్డుకీ ఆ ఒడ్డుకీ తిరగడమే. ఓడ నడిపే గది ఎలా ఉంటదో, చక్రం ఎంతుంటదో చూసి రమ్మన్నారు. ఫొటోలు తీసి తేవాలి."

"అలాగే" అన్నాను.

మర్నాడు బడి వదిలాక ఒక్కణ్ణే వెళ్లి రిసార్టు ఖాయం చేశాను. మూడు రాత్రులు చుట్టూ నీళ్లే. అద్దాలెత్తుకుని కూర్చోడానికి అక్కడ కారుండదు. ఆమెకు ఫోను చేసి, ఓడ నిండిపోయిందట అన్నాను. "పోన్లెండి, దాందేముంది" అంది. అంతటితో అయిపోయిందనుకున్నాను.

ఆ ఆదివారం మావగారు నన్ను రేవుకు రమ్మన్నారు. పంటు ఇవతలి ఒడ్డున ఆగి ఉంది. టికెట్లు కోసే ఆయన నన్ను చూడగానే, "ఏవండీ అల్లుడు గారూ, ఓడెక్కేసేక మా పంటు ఎక్కుతారా, ఎక్కరా?" అని ఆట పట్టించాడు. మావగారు ఊరంతా చెప్పేసినట్టున్నారు. పక్కకు తీసుకెళ్లి, ఓడ నిండిపోయిందని ఆయనకూ చెప్పాను.

ఆయన పెద్దగా నవ్వారు.

"నిండిపోతే ఏవుందండీ? మా పంటు రోజుకి ఎన్నిసార్లు నిండిపోద్దో! మిగిలినోళ్లు రెండో ట్రిప్పుకి ఎక్కుతారు. అంత ఓడకి రెండో ట్రిప్పు ఉండదాండీ? సెలవు మార్చుకోండి. అమ్మాయికి నేను చెప్తాను, ఆగుతుంది."

ఆయనకు నిండిపోవడమంటే లేదనడం కాదు, కాసేపు ఆగమనడం. ఇది నాకు తట్టలేదు. ఆయన అప్పటికే జేబులోంచి ఫోను తీసి కూతురి నంబరు వెతుకుతున్నారు. నా నోటికి వచ్చిందల్లా అనేశాను.

"అది కాదు మావయ్యగారూ. అసలు తనకే ఇష్టం లేదండి. పుట్టినప్పట్నుంచీ పడవలే కదా, విసుగొచ్చేసింది, ఇంకా పడవలేంటి అంది. మీతో అనలేక నన్ను చెప్పమంది. నేను చెప్పానని అనకండి."

ఆయన ఫోను జేబులో పెట్టేసుకున్నారు.

"ఆయ్" అన్నారు. భుజం మీది గుడ్డ తీసి చేతులు తుడుచుకున్నారు. చాలాసేపు తుడుచుకున్నారు. "నిజమేలెండి. డీజిలు కంపు కదా."

గోవా వెళ్లాం. చేతికి పచ్చ పట్టీలు కట్టారు. అవి చూపిస్తే ఏదడిగితే అది పెడతారు. ఆమె కొలనులో దిగి, "రండి, మెడ లోతే" అని పిలిచేది. నేను కుర్చీలో కూర్చుని పుచ్చకాయ ముక్కలు తినేవాణ్ణి. ఒక సాయంత్రం తండ్రికి వీడియో కాల్ చేసి సముద్రం చూపించింది. "గట్టు మీదే ఉన్నారు కదమ్మా, హాయిగా ఉండు" అని పెట్టేశారాయన. "గట్టు మీదే ఉన్నారు కదా అంటారేంటండీ?" అంది నా వంక చూసి. సిగ్నల్ సరిగ్గా లేదేమో అన్నాను.

తిరిగొచ్చాక మొదటిసారి పుట్టింటికి బయల్దేరితే ఆయన నుంచి ఫోను.

"రేవుకి రాకమ్మా. ఆటో పంపేను. వంతెన మీంచి వచ్చేయండి."

"పంటు ఉండగా ఆటో ఎందుకు నాన్నా?"

"దుమ్మూ, డీజిలూ. నీకెందుకమ్మా ఆ బాధ?"

రేవు దాటితే పావుగంట. వంతెన మీదుగా చుట్టు తిరిగితే గంటన్నర. నాలుగేళ్లు, వెళ్లిన ప్రతిసారీ ఆ గంటన్నర దారే. ఆమె రెండుసార్లు అడిగి చూసి మానేసింది. ఒకసారి ఆటోలో కొబ్బరి తోటల వైపు చూస్తూ అంది: "పెళ్లయ్యేక నాన్నకి నేను పరాయిదాన్నైపోయానండీ. ఆయన పంటు మీద నేను కనబడ్డం కూడా ఇష్టం లేదు." పెద్దవారవుతున్నారు కదా అన్నాను. ఇంకో నిజం కూడా రాయాలి. వంతెన దారి నా ప్రాణానికి హాయిగా ఉండేది.

మొన్న వానాకాలంలో మావగారు గుండెపోటుతో పోయారు. ఇవతలి ఒడ్డున ఆసుపత్రిలో ప్రాణం పోయింది. సొంతూళ్లోనే సమాధి చెయ్యాలని శవపెట్టెను పంటు మీద తీసుకెళ్లారు. ఆమె పెట్టె పక్కన, ఆయన ఎప్పుడూ నిలబడే చోట నిలబడింది. నేను వెనకాల కారులో ఉన్నాను. అవతల దిగాక నా దగ్గరకు వచ్చి, "ఈ రోజుకి నాన్న ఎక్కనిచ్చారు" అంది.

అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు.

పదో రోజున వాళ్ల ఇంటి ముందు షామియానా వేసి, ఇంటివాళ్లను ఓదార్చే ఆదరణ కూడిక పెట్టారు. పాస్టరు గారి ప్రార్థన అయ్యాక ఒక్కొక్కరూ లేచి పోయినాయన గురించి నాలుగు మాటలు చెబుతున్నారు. టికెట్లు కోసే ఆయన లేచాడు.

"మా సరంగు గారిలాంటి తండ్రి ఉండరండీ. అమ్మాయి గారు పడవలంటే విసుగన్నారని ఎంత బాధపడ్డారో. అయినా ఆవిణ్ణి ఒక్క మాట అననిచ్చేవారు కాదు. నర్సమ్మ గారు మన పంటు ఎక్కరాండీ అని నేను ఎగతాళి చేస్తే, 'పిల్ల విసిగిపోయిందిరా, దాన్ని మళ్లీ ఈ డీజిల్లోకి లాక్కూడదు' అనీవారు. పంటు ఆపుకుని, తనే వెళ్లి ఆటో మాట్లాడేవారండీ."

మెచ్చుకుంటూనే అన్నాడు. నా భార్య తలెత్తింది.

"నేనెప్పుడన్నానండీ ఆ మాట?" అని నా వైపు తిరిగింది. ఆమె కళ్లలో అనుమానం లేదు. తన తరఫున సాక్ష్యం చెప్పమన్నట్టు అడిగింది. ఎవరో పొరపాటు పడి ఉంటారు అన్న మాట నా నాలుక చివరే ఉంది. అది అనేస్తే జీవితాంతం సరిపోతుందని కూడా తెలుసు.

లేచి నిలబడ్డాను. మావగారి గురించి మాట్లాడతాననుకుని పాస్టరు గారు మైకు అందించారు.

"ఆ మాట ఆవిడ అనలేదండి. నేనన్నాను."

మైకు కిందికి దించి ఆమె వైపు తిరిగాను.

"ఓడ నిండిపోలేదు. నాకు నీళ్లంటే భయం. అది చెప్పుకోడానికి సిగ్గుపడి, నీకే ఇష్టం లేదని మీ నాన్నకి చెప్పాను. ఆయన నిన్ను దూరం పెట్టలేదు. నీకు పడదనుకుని ఆయనే తప్పుకున్నారు. నాలుగేళ్లు మీ ఇద్దర్నీ చూస్తూ ఊరుకున్నాను. ఆయన్ని అడగడానికి ఇంక వీల్లేదు. నిన్ను అడుగుతున్నాను. నన్ను క్షమించు."